సున్నా వడ్డీ కార్డుకి బాకీ మార్చేముందు వేసుకోవలసిన లెక్క

అమెరికాలో ఉంటూ క్రెడిట్ కార్డు మీద 8,000 డాలర్ల బాకీ, ఏడాదికి 24 శాతం వడ్డీ మోస్తున్నారనుకుందాం. మన ఊళ్ళ లెక్కలో అది రెండు రూపాయల వడ్డీ. మొదటి నెలలోనే 160 డాలర్లు వడ్డీకే పోతాయి. నెలకు 485 డాలర్ల చొప్పున కట్టినా తీరడానికి 21 నెలలు పడుతుంది, వడ్డీ 1,800 దాకా అవుతుంది. అదే బాకీని 18 నెలలపాటు వడ్డీ పడని కొత్త కార్డుకి మారిస్తే (దీన్నే బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ అంటారు) 3 శాతం ఫీజు, అంటే 240 డాలర్లు, కలిసి 8,240 అవుతుంది. దాన్ని 17తో భాగిస్తే నెలకు దాదాపు 485. అంటే అవే 485 డాలర్లతో 17 నెలల్లో తీరిపోతుంది. మిగిలేది 1,500 పైమాటే. ఫీజు 5 శాతమైతే నెలకు 495 కట్టాలి. అప్పటికీ లాభమే.

ఆఫర్ 18 నెలలైతే 17తో ఎందుకు భాగించాలి? చాలా కార్డుల్లో గడువు ఖాతా తెరిచిన రోజు నుంచే మొదలవుతుంది. బాకీ మారడానికి రెండు మూడు వారాలు పడుతుంది, కాబట్టి మొదటి నెల దాదాపు అందులోనే పోతుంది. కొన్ని కార్డులు మొదటి ట్రాన్స్‌ఫర్ జరిగిన రోజు నుంచి లెక్కిస్తాయి. మీది ఏ రకమో షరతుల పట్టికలో చూడండి. ట్రాన్స్‌ఫర్‌ని ఎన్ని రోజుల్లోపు చెయ్యాలో కూడా అక్కడే ఉంటుంది. 60 రోజులని కొన్ని, నాలుగు నెలలని కొన్ని. అది దాటితే ఆఫర్ వర్తించదు.

ఒకే బ్యాంకులో ఒక కార్డు నుంచి ఇంకో కార్డుకి మార్చనివ్వరు. లిమిట్ ఎంతిస్తారో కార్డు మంజూరయ్యాకే తెలుస్తుంది. అందులోనే ఫీజు కూడా ఇమడాలి. 5,000 లిమిట్ ఇచ్చి 3 శాతం ఫీజు తీసుకుంటే మారేది 4,850 చిల్లరే. మిగతాది పాత కార్డు మీదే ఉంటుంది. అప్పుడు కొత్తదానికి మినిమమ్ (నెలనెలా కనీసం కట్టవలసిన మొత్తం) కడుతూ, చేతిలో ఉన్న మిగతా డబ్బంతా ముందు పాతదానికి కట్టండి. వడ్డీ పెరుగుతున్నది అక్కడే.

పాత కార్డులో డబ్బు జమ అయినట్టు కనబడేదాకా దాని వాయిదా ఆపకండి. బాకీ సున్నా అయ్యాక కూడా తరువాతి స్టేట్‌మెంట్‌లో కొద్దిగా వడ్డీ రావచ్చు. స్టేట్‌మెంట్ తేదీకీ డబ్బు అందిన తేదీకీ మధ్య రోజుల వడ్డీ అది. "అంతా తీరిపోయింది కదా" అని దాన్ని చూడకపోతే పది డాలర్ల బాకీకి లేటు ఫీజు పడుతుంది. 30 రోజులు దాటితే క్రెడిట్ రిపోర్టుకీ ఎక్కుతుంది.

అన్నిటికన్నా ఎక్కువగా దెబ్బతీసేది మినిమమ్ పేమెంట్. వడ్డీ లేనప్పుడు చాలా కార్డులు అడిగేది బాకీలో 1 శాతమే, అంటే మొదటి నెల 82 డాలర్లు. ఆటోపేని (నెలనెలా దానంతటదే కట్టే ఏర్పాటుని) మినిమమ్ మీద పెట్టి వదిలేస్తే 17 నెలల తరువాత కూడా 6,900 పైనే ఉంటుంది. గడువు అయిపోగానే దానిమీద మళ్ళీ రెండు రూపాయల వడ్డీ మొదలు. అందుకే ఆటోపేలో 485 అని అంకె వేసి పెట్టండి. అది జీతం పడిన మర్నాడు వెళ్ళేలా చూసుకోండి.

కొత్త కార్డుతో కిరాణా కూడా కొనకండి. కొనుగోళ్ళకి విడిగా సున్నా వడ్డీ లేకపోతే, ట్రాన్స్‌ఫర్ బాకీ ఉన్నంతకాలం కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. మొత్తం స్టేట్‌మెంట్ బాకీ కడితేనే మామూలు వడ్డీలేని రోజులు దొరుకుతాయి. పైగా అమెరికాలోని 2009 కార్డ్ చట్టం ప్రకారం మినిమమ్‌కి మించి కట్టే డబ్బు ఎక్కువ వడ్డీ ఉన్న బాకీకి ముందు వెళ్తుంది. రూలు మంచిదే, కానీ మీరు పాత అప్పు కోసం కడుతున్న డబ్బుని ఈ కొనుగోళ్ళు తినేస్తాయి. వాయిదా 60 రోజులకు మించి ఆలస్యమైతే సున్నా వడ్డీని రద్దుచేసే హక్కు బ్యాంకుకి ఉంది.

దుకాణాల కార్డులు ఇచ్చే "గడువులోగా మొత్తం కడితే వడ్డీ లేదు" అనే ఆఫర్‌ని దీంతో కలపకండి. అక్కడ గడువు రోజుకి ఒక్క డాలరు మిగిలినా, కొన్న రోజు నుంచి వడ్డీ అంతా ఒకేసారి వేస్తారు. ట్రాన్స్‌ఫర్ కార్డులో మిగిలినదాని మీదే, అదీ అప్పటినుంచే వడ్డీ. ఇండియాలోని బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్‌కి కూడా ఈ లెక్క పనికిరాదు. అక్కడ ఎక్కువగా ఈఎంఐగా ఇస్తారు, వడ్డీ మీదా ఫీజు మీదా 18 శాతం జీఎస్టీ ఉంటుంది.

చదువుకోవడానికి వచ్చి ఏడాది రెండేళ్ళే అయినవాళ్ళకి క్రెడిట్ చరిత్ర చాలక ఈ కార్డులు దొరక్కపోవచ్చు. వరసగా అప్లికేషన్లు పెడితే ప్రతిదానికీ క్రెడిట్ స్కోరు కొంత తగ్గుతుంది. ముందు స్కోరు మీద ప్రభావం లేని ప్రీక్వాలిఫికేషన్ (కార్డు వచ్చే అవకాశం ఉందో లేదో ముందే తెలుసుకోవడం) చూసుకోండి. అదీ కుదరకపోతే ఫెడరల్ క్రెడిట్ యూనియన్‌లో (సభ్యులే యజమానులుగా ఉండే సహకార బ్యాంకు లాంటిది) అడగండి. అక్కడ మామూలు అప్పుల మీద, కార్డుల మీద వడ్డీ 18 శాతం దాటకూడదన్న నియమం ఉంది. సున్నా కాకపోయినా రెండు రూపాయల వడ్డీ రూపాయిన్నరకి దిగుతుంది.