బంగాళాదుంప వడ్డించి భయపెట్టినవాడు

రాత్రి 1932 నాటి హారర్ సినిమా 'ది ఓల్డ్ డార్క్ హౌస్' చూశాను. కూర్చుంది హారర్ సినిమాల నటుడు బోరిస్ కార్లోఫ్ కోసం. కానీ ఎర్నెస్ట్ థెసిజర్ కనిపించాక ఇంకెవరి మీదా చూపు ఆనలేదు. బక్కపలచని మనిషి, కత్తిలాంటి ముక్కు. తుఫానులో చిక్కి వచ్చినవాళ్లకి భోజనాల బల్ల దగ్గర 'బంగాళాదుంప వేసుకోండి' అంటాడు, అంతే! ఆ మర్యాదకే ఒళ్లు జలదరిస్తుంది.

ఈయన లండన్ నాటకాల మనిషి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో చేతులకి దెబ్బలు తగిలాయి. ఆ చేతులతోనే ఎంబ్రాయిడరీ చేసేవాడు, 1941లో దాని మీద పుస్తకమే రాశాడు. (విలన్‌గారి హాబీ చూడండి!)

ఆ సినిమా దర్శకుడు జేమ్స్ వేల్ మళ్లీ 1935లో ఈయనకి 'బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్'లో డాక్టర్ ప్రిటోరియస్ వేషం ఇచ్చాడు. గాజు జాడీల్లో చిట్టి మనుషుల్ని పెంచే పెద్దమనిషి. సమాధుల గదిలో శవపేటిక మీదే భోజనం పెట్టుకుని తీరిగ్గా తింటాడు. ఎక్కడా అరవడు. టాకీలు కొత్తగా వచ్చిన రోజుల్లో అంత నిదానంగా, ఒక్కో మాటా రుచి చూస్తున్నట్టు పలకడం మామూలు విషయం కాదు.

కార్లోఫ్‌తోనే చేసిన 1933 నాటి 'ది గూల్' ఎవరైనా చూశారా? మంచి ప్రింట్ ఎక్కడుందో చెప్పండి ప్లీజ్.