కేంద్రం గురించి అడిగితే పింఛను గురించి చెప్పారు

"కేంద్ర ప్రభుత్వం పనితీరుతో మీరు సంతృప్తిగా ఉన్నారా?" అని మా శ్రీకాకుళం జిల్లాలో ఇంటింటికీ తిరిగి అడిగి, జవాబులన్నీ కూడి శాతాలు తీస్తే ఆ శాతం నిజంగా కేంద్రానిదేనా అన్నది నాకు పెద్ద అనుమానం. సర్వేలు వద్దని కాదు. ఐదేళ్లకోసారి వేసే ఓటు తప్ప మన మాట ఢిల్లీ దాకా వెళ్లడానికి ఇంకో దారి ఉండాలి కదా, అందుకే అవి సరిగ్గా జరగాలని నా తపన.

మా వీధిలోకి ట్యాబ్ పట్టుకుని ఒక కుర్రాడు వచ్చినప్పుడు పక్కింటి పెద్దమ్మ అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. పై ప్రశ్న చదివి వినిపించాడు. "పింఛనీ ఒకటో తారీకునే యిచ్చేస్తన్నారు బావూ, మాకేటి లోటు?" అంది. ఆ అబ్బాయి 'చాలా సంతృప్తి' నొక్కేసి తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోయాడు. కానీ ఆ 4,000 రూపాయల పింఛను రాష్ట్రం ఇస్తున్నది. వృద్ధాప్య పింఛనులో కేంద్రం ఇచ్చేది 60 నుంచి 79 ఏళ్ల వాళ్లకు 200, 80 దాటితే 500, అదీ దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకే. పెద్దమ్మ అబద్ధం చెప్పలేదు, ఆమెకు గవర్నమెంటు అంటే ఒక్కటే. అడిగినవాడు విడదీసి అడగలేదు.

రైతుల దగ్గరా ఇదే గొడవ. 2025 ఆగస్టులో అన్నదాత సుఖీభవ మొదటి విడత పడినప్పుడు మొత్తం 7,000 అన్నారు, అందులో 5,000 రాష్ట్రానివి, 2,000 కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్‌వి. రెండూ ఒకే రోజు పడితే ఎవరికి ఎంత దణ్ణం పెట్టాలో రైతుకెలా తెలుస్తుంది? ఇక ఉపాధి హామీ సంగతి తీసుకోండి. 2005 చట్టం వచ్చినప్పటి నుంచి కూలి సొమ్ము కేంద్రం ఇస్తూ వచ్చింది, కానీ మస్తర్ (హాజరు) వేసేది మాత్రం ఊళ్లో ఫీల్డ్ అసిస్టెంటు. కూలి ఆలస్యమైతే తిట్లు ఆయనకే. పలాస వైపు జీడిపిక్కల ధర పడిపోయిందని రైతు ఏడిస్తే ఆ కోపం వ్యాపారి మీదకి పోతుంది, విదేశీ పిక్కల మీద సుంకం వేసేది కేంద్రమన్న సంగతి ఆ మాటల్లో రాదు.

కేంద్రంతో నేరుగా పని పడ్డవాళ్లున్నారు, కానీ సర్వేవాళ్లు వచ్చేసరికి వాళ్లు ఇంట్లో ఉండరు. మా తీరం నుంచి గుజరాత్‌లోని వెరావల్ దాకా వెళ్లి బోట్లెక్కే మత్స్యకారులు ఎంతమందో! 2018 నవంబరులో అలా వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లని పాకిస్తాన్ పట్టుకుపోతే, 2020 జనవరిలో గానీ వాఘా సరిహద్దు దగ్గర వదల్లేదు. విదేశాంగ శాఖ ఎలా పని చేసిందో ఆ కుటుంబాల కంటే బాగా చెప్పగలవాళ్లు ఎవరు? చెన్నై, హైదరాబాద్ వలస వెళ్లిన కూలీలదీ అదే పరిస్థితి. ఓటరు జాబితాలో పేరుంటుంది, తలుపుకి తాళం ఉంటుంది. తాళం చూసి పక్కింటి తలుపు కొడితే సర్వేలోంచి వలస జీవితం మొత్తం జారిపోయినట్టే.

లెక్క పెద్దదైతే చాలనుకోవడం కూడా పొరపాటే. 1936లో అమెరికాలో లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక కోటి కార్డులు పంపి, 20 లక్షలకు పైగా జవాబులు తెప్పించుకుని కూడా అధ్యక్ష ఎన్నికల్లో రూజ్‌వెల్ట్ ఓడిపోతాడని చెప్పింది. ఆయన భారీగా గెలిచాడు. అంతకంటే చాలా తక్కువ మందిని అడిగిన గాలప్ అనే సర్వే నిపుణుడు సరిగ్గా చెప్పాడు. ఎవరిని అడిగారన్నదే ముఖ్యం. మన దగ్గర ఎన్నికల సర్వేలు చేసే లోక్‌నీతి సంస్థ వాళ్లు ఓటరు జాబితా నుంచి పేర్లు తీసి, ఆ మనిషి ఇంటికే వెళ్లి అడుగుతారు, ఆ పద్ధతి నాకు నచ్చుతుంది. అయినా దేశం మొత్తానికి 20 వేల మందిని అడిగితే ఆంధ్రా వాటాకి వెయ్యి లోపే వస్తారు, శ్రీకాకుళానికి అసలు ఎవరైనా మిగులుతారో లేదో. అందుకే టీవీల్లో "ఉత్తరాంధ్ర మూడ్" అని రంగురంగుల పటం వేసినప్పుడు నాకు ఒళ్లు మండుతుంది. వెయ్యి మందిని అడిగితే వచ్చే అంకె మూడు శాతం అటూఇటూ తేడా ఉండొచ్చన్న లెక్క ఆ వెయ్యి మంది మొత్తానికే వర్తిస్తుంది, అందులోంచి ఒక జిల్లాని కోసి చూపిస్తే పనికిరాదు.

భయం సంగతి వేరే. ఫోన్లో రికార్డు గొంతు "సంతృప్తిగా ఉంటే ఒకటి నొక్కండి" అనగానే మావాళ్లు ఒకటి నొక్కేస్తారు. రెండు నొక్కితే పథకం ఆగిపోతుందేమోనని టెన్షన్. నెంబరు వాళ్ల దగ్గరుంది, ఆధార్ ఉంది, ఎందుకొచ్చిన గొడవ అనుకుంటారు. ఇంటికొచ్చిన వాడినైనా ముందు "గవర్నమెంటోళ్లా, పార్టీవోళ్లా?" అని అడిగాకే నోరు విప్పుతారు.

ఎలా అడగాలి మరి? పనితీరు అనే పెద్ద మాట పక్కన పెట్టి, ఈ ఏడాది పీఎం కిసాన్ విడతలు పడ్డాయా, కూలి ఎన్నాళ్లకు చేతికొచ్చింది, గ్యాస్ బండ భారంగా ఉందా, రైల్లో జనరల్ పెట్టెలో నిలబడైనా వెళ్లగలుగుతున్నారా అని విడివిడిగా అడిగి, ఆఖర్న మొత్తం మీద అభిప్రాయం అడగాలి. అవే మాటలతో, అదే వరసలో ఆర్నెల్లకోసారి అడుగుతూ పోతే అంకె ఎటు కదులుతోందో తెలుస్తుంది. ఒక్కసారి తీసిన 60 శాతం కంటే 60 నుంచి 52కి పడడం ఎక్కువ చెబుతుంది.

మీ గుమ్మంలోకి ట్యాబ్‌తో ఎవరైనా వస్తే తరిమేయకండి. ఎవరు పంపారు, ఏ గవర్నమెంటు గురించి అడుగుతున్నారు, నా పేరు ఎక్కడైనా రాస్తున్నారా అని మూడూ అడగండి. జవాబు నచ్చితే కుర్చీ వేసి, ఉన్నది ఉన్నట్టు చెప్పండి.