మామోగ్రామ్ బాగుంది, గడ్డ మాత్రం ఉంది

చికిత్స పూర్తయి, జుట్టు మళ్లీ చెవులదాకా వచ్చాక ఇది రాస్తున్నాను.

ఎడమ రొమ్ములో గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు. స్కాన్ సెంటర్‌లో మామోగ్రామ్, అంటే రొమ్ము ఎక్స్‌రే తీసి, అనుమానించాల్సిందేమీ లేదని రిపోర్టు ఇచ్చారు. గడ్డ తగులుతోందని చెప్పినా, కాగితాలిచ్చే ఆయన "నలభై దాటాక ఆడవాళ్లకి ఇలాంటి భయాలు మామూలేనమ్మా" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ మండుతుంది. అదే రిపోర్టులో రొమ్ము కణజాలం బాగా దట్టంగా ఉందని రాసి ఉంది. దాని అర్థం చెప్పే నాథుడు లేడు.

గుంటూరులో సర్జన్ మేడమ్ చెప్పారు. దట్టమైన కణజాలం ఎక్స్‌రేలో తెల్లగా పడుతుంది, గడ్డా తెల్లగానే పడుతుంది. పాలలో పడ్డ మెతుకులా కనబడదు. "చేతికి తగులుతుంటే మామోగ్రామ్ బాగుందని వదలకూడదమ్మా" అని అల్ట్రాసౌండ్ చేయించారు. అంచులు సరిగా లేని గడ్డ కనిపించింది. స్కాన్‌లో క్యాన్సర్ అనుమానం ఎంతో చెప్పే బైరాడ్స్ లెక్కలో 4సి అన్నారు. అంటే క్యాన్సర్ అయ్యే అవకాశం 50 నుంచి 95 శాతం. 3 అయితే 2 శాతం మించదు, కొన్నాళ్లాగి మళ్లీ స్కాన్ చేస్తారు. నాకు మాత్రం సూదితో ముక్క తీసి పరీక్ష (బయాప్సీ) చేయాల్సిందే.

ఆ రాత్రి మా పెద్దమ్మ ఫోన్ చేసింది. "సూది గుచ్చితే ఒళ్లంతా పాకుతుందటే, వద్దను" అని ఏడ్చింది. మా ఆయన ఏమీ మాట్లాడలేదు. పక్కగదిలో మా అమ్మాయి ఇంటర్ పరీక్షలకి చదువుకుంటోంది. బీరువా తాళాలు, ఎల్ఐసీ కాగితాలు ఎక్కడున్నాయో దానికి చెప్పాలా వద్దా అని తెల్లవార్లూ అదే ఆలోచన. చీకట్లోనే లేచి దేవుడి ముందు కూర్చున్నాను. జబ్బు లేదనిపించమని అడగలేదు, ఏదైనా సరే త్వరగా తేల్చమని అడిగాను.

పొద్దున్నే మేడమ్‌ని అడిగితే, సూదితో జబ్బు పాకుతుందన్న భయం అక్కర్లేదని, ఏ రకమో తెలియకుండా ఆపరేషన్ చేయడమే ప్రమాదమని చెప్పారు. మత్తు ఇంజెక్షన్ ఇచ్చారు, కాసేపట్లో అయిపోయింది. క్యాన్సరే. ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ గడిచాయి.

మామోగ్రామ్‌లో కనబడలేదని నేను తప్పుపట్టను. దానికి ఆ పరిమితి ఉంది. నా మాట వినకుండా భయమని కొట్టిపారేసిన మనిషిని మాత్రం క్షమించలేను.

మీ రిపోర్టులో 'డెన్స్', అంటే దట్టమైన కణజాలం అని ఉంటే, అల్ట్రాసౌండ్ కావాలేమో డాక్టర్ని అడగండి, మొహమాటపడకండి. ఈమధ్య మా ఆడపడుచుని నేనే తీసుకెళ్లాను. ఆమెకి 4ఏ వచ్చింది, అంటే నాకన్నా అనుమానం తక్కువ. బయాప్సీలో మామూలు ఫైబ్రోఅడినోమా, అంటే క్యాన్సర్ కాని గడ్డ అని తేలింది. ఆ రిపోర్టు చదివి వినిపించిందీ ఆ మేడమే. దణ్ణం పెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపేశారు.