మటన్‌లో వైన్ పోశాను

నిన్న మటన్‌లో ఎర్ర వైన్ పోసి వండాను. మహారాష్ట్రలోని బల్లార్షాలో మా ఇంట్లో ఇదే మొదటిసారి. 2015 నుంచి 2021 దాకా మా చంద్రపూర్ జిల్లా అంతా మద్యనిషేధమే, అప్పుడైతే ఇలాంటి ఆలోచన కూడా వచ్చేది కాదు. ఇప్పుడు నాసిక్ వైన్ ఊళ్లోనే దొరుకుతోంది.

తప్పంతా మూకుడుతో వచ్చింది. అలవాటుగా ఇనప మూకుడు పెట్టి, ఉల్లిపాయలు వేగాక గ్లాసుడు వైన్ పోశాను. అరగంటకి పులుసు నల్లగా, సిరా కలిపినట్టు తయారైంది. నోట్లో పెట్టుకుంటే తుప్పు రుచి. వైన్ వాసన కూడా చూడని మా అత్తమ్మ ఒక్క చూపులో తేల్చేసింది: "చింతపండు పులుసు ఇనప మూకుట్లో మరిగిస్తావానే?" నిజమే, వైన్ కూడా పులుపే కదా!

మళ్లీ అర కిలో తెచ్చి స్టీలు గిన్నెలో మొదలుపెట్టాను. ఈసారి టమాటా వేయలేదు. వైన్‌ని సగమయ్యేదాకా మరిగించాకే ముక్కలు వేశాను. అబ్బ, ఆ పులుసు చిక్కదనం!

పిల్లలకి మాత్రం విడిగా వండాను. ఆల్కహాల్ 78 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి మొత్తం ఎగిరిపోతుందనుకుంటాం. కూరలో కలిసి అరగంట ఉడికినా మూడోవంతు దాకా మిగులుతుందట.

అత్తమ్మ ముక్క ముట్టలేదు. జొన్నరొట్టె తుంచి ఆ పులుసులో ఒకసారి అద్దడం మాత్రం నేను చూశాను.