కూర్మారావు డిప్ప మీద గుట్టలు: తేమ పోతున్నది ఎక్కడ?

మా సల్కాటా (ఆఫ్రికా నేల తాబేలు) పిల్ల కూర్మారావు డిప్ప మీద గుట్ట మళ్లీ పెరిగింది. వెర్నియర్ మార్చి మార్చి కొలిచినా అదే అంకె. వెన్ను మీది నాలుగో పలక ఎత్తుకీ పక్కనున్న అతుకు లోతుకీ మధ్య తేడా ఇప్పుడు 3.1 మి.మీ. మార్చిలో 1.6 ఉండేది. మూడో పలక దగ్గర 2.4. పక్క పలకలు మాత్రం దాదాపు చదునుగానే ఉన్నాయి, ఒక మి.మీ. లోపే. మూసిన పెట్టెలో పెంచి, తేమ 80 శాతం కంటే తగ్గకుండా చూస్తే సల్కాటా పిల్ల డిప్ప గాజుగోళీలా నున్నగా వస్తుందని అందరూ చెప్పారు. యాప్‌లో గ్రాఫ్ చూస్తే నా తేమ 84. మరి ఈ గుట్టలు ఎందుకు లేస్తున్నాయి?

మిగతావన్నీ బాగున్నాయి. బరువు 412 గ్రాములు, డిప్ప పొడవు 12.4 సెం.మీ., ఆకలికి లోటు లేదు.

పిరమిడింగ్, అంటే పలకలు ఇలా గుట్టల్లా లేవడం, అనగానే ప్రొటీన్ ఎక్కువైందనే మాట వస్తుంది. ఆ వాదన పాతబడింది. 2003లో వియన్నా పశువైద్య విశ్వవిద్యాలయం నుంచి వీస్నర్, ఇబెన్ వేసిన పేపర్ సరిగ్గా సల్కాటా పిల్లల మీదే చేసిన పరిశోధన. తేమ తక్కువైన చోట గుట్టలు ఎక్కువగా లేచాయి, ప్రొటీన్ ప్రభావం దానితో పోలిస్తే చాలా తక్కువ. అందుకే వారానికి రెండుసార్లు ప్రొటీన్ ఉండే మజూరి తాబేలు గుళికలు నానబెట్టి పెడుతున్నాను, మానేది లేదు. "ఎడారి జంతువు కదా, పొడిగా ఉంచు" అని ఇప్పటికీ అమ్మేటప్పుడు చెప్పేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. వీటి సొంత చోటైన సహెల్‌లో (సహారా ఎడారికి దక్షిణాన ఉండే ప్రాంతం) ఇవి ఎండాకాలమంతా లోతైన బొరియల్లో గడుపుతాయి. పైన ఎంత ఎండ కాసినా ఆ బొరియల్లో చల్లదనమూ తేమా ఉంటాయి.

సరే, నా గొడవకి వస్తాను. ముందు సెన్సార్లని అనుమానించాను. ఉప్పుని కాస్త తడిపి, సెన్సార్లతో పాటు గాలి చొరని డబ్బాలో ఒక రాత్రంతా పెడితే 75 చూపించాలి. యాప్‌కి లెక్కలు పంపే గోవీ కంపెనీ సెన్సార్లు రెండూ 75, 77 చూపించాయి. గడియారంలా గుండ్రంగా ఉండే ముల్లు మీటర్ మాత్రం 52 అంది. అది చెత్తబుట్టలోకి వెళ్లింది. ఇవి కొనొద్దు, ఎవరిచ్చినా తీసుకోవద్దు.

తర్వాత గ్రాఫ్‌ని గంటలవారీగా విడదీశాను. రోజంతటి సగటు చూస్తే అంతా బాగానే కనిపిస్తుంది. కానీ మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా, దీపానికి దూరంగా ఉండే చల్ల మూలలో తేమ 84 నుంచి 61కి జారుతోంది, ఉష్ణోగ్రత మాత్రం 27 దగ్గరే కదలకుండా ఉంది. ఇక్కడ తేమ శాతం కంటే డ్యూ పాయింట్ (గాలిలోని ఆవిరి నీటి బొట్లుగా మారే ఉష్ణోగ్రత) చూడాలి. వేడి పెరగడం వల్ల శాతం తగ్గితే డ్యూ పాయింట్ మారదు. నా పెట్టెలో అది 24 నుంచి 19కి పడిపోతోంది. అంటే ఆవిరి నిజంగానే బయటికి పోతోంది. మేముండేది ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో. ఎండాకాలం మధ్యాహ్నాలు ఏసీ ఆగకుండా తిరుగుతుంది, అప్పుడు ఇంట్లో తేమ 25 శాతం. పెట్టెలో ఎక్కడ సందు దొరికినా ఆ పొడి గాలి దూరిపోతుంది.

సందు ఎక్కడో తెలుసుకోవడానికి అగరుబత్తీ వాడాను. కూర్మారావుని టబ్బులోకి మార్చి వేరే గదిలో పెట్టి, దీపాలన్నీ వేసి, పెట్టె చుట్టూ పొగ తిప్పాను. శ్రీకాకుళం నుంచి వచ్చి ఉన్న అమ్మ గుమ్మంలో నిలబడి, "దేవుడి దగ్గర వెలిగించమంటే బద్ధకం, తాబేలు పెట్టెకి మాత్రం ధూపం వేస్తున్నావు" అంది. ముందు గాజు తలుపులు రెండూ ఒకదాని మీదికి ఒకటి వచ్చే చోట 4 మి.మీ. సందు ఉంది. కిందివైపు పొగని సర్రున లోపలికి లాగేసింది. పై కప్పులో వైర్లు దూర్చిన రంధ్రం దగ్గర అదే పొగ సన్నటి దారంలా పైకి లేచింది. దీపం వేడికి గాలి పైకి పోతుంటే కింది నుంచి ఇంటి పొడి గాలి వచ్చి చేరుతోంది. అచ్చంగా పొగగొట్టమే. తలుపుల మధ్య పారదర్శకంగా ఉండే సీల్ స్ట్రిప్, వైర్ల చుట్టూ అల్యూమినియం టేప్ వేశాక మధ్యాహ్నపు పతనం 84 నుంచి 78 దగ్గర ఆగింది.

దాంతో అయిపోయిందనుకుంటే, పలకల అతుకుల దగ్గర కొత్త పెరుగుదలగా వచ్చిన తెల్లటి గీత కూడా కిందికి వంగే వస్తోంది. అప్పుడు దీపం కింద లెక్క వేశాను. చల్ల మూలలో 27 డిగ్రీల దగ్గర 84 శాతం ఉన్న గాలే దీపం కింద 37కి వేడెక్కితే 48 శాతం అవుతుంది. ఆవిరి ఒక్క చుక్క తగ్గక్కర్లేదు, అది భౌతిక శాస్త్రం. టెంపరేచర్ గన్ డిప్ప మీద పెడితే 46! ఆ వేడికి డిప్పని అంటుకున్న గాలిలో మిగిలేది 30 శాతం. చల్ల మూలలో 84 చూసి నేను సంతోషిస్తుంటే, వాడి వీపు మీద రోజూ కొన్ని గంటలపాటు రాజస్థాన్ ఉంది. వీపు మధ్య పలకలే లేవడం, పక్కవి చదునుగా ఉండటం కూడా దీనితో సరిపోతుంది. దీపానికి దగ్గరగా ఉండేది అవే కదా.

వంద వాట్ల హాలోజన్ స్పాట్ తీసేశాను. బల్లి జాతులకి హాలోజన్ మంచిదే, నాకు అభ్యంతరం లేదు. పసి తాబేలు వీపుకి మాత్రం ఆ సన్నటి కాంతి పనికిరాదన్నది నా అభిప్రాయం. రేడియెంట్ హీట్ ప్యానెల్ ఒక్కటే పెట్టి చూశాను. డిప్ప 36 దాటలేదు కానీ వాడు ఎండ కాచుకోవడం మానేసి గూట్లో ముడుచుకున్నాడు. వారానికి 18 గ్రాములు పెరిగేవాడు 6కి పడిపోయాడు. ఇప్పుడు 65 వాట్ల వెడల్పాటి ఫ్లడ్ బల్బు, ముందుకంటే 8 సెం.మీ. పైకి కట్టాను. డిప్ప 39, దాని ఎత్తులో గాలి 35, తేమ 51. ఆకలి తిరిగొచ్చింది. యూవీ కాంతికి పెట్టిన ఆర్కేడియా కంపెనీ ట్యూబ్‌ని మాత్రం కదపలేదు. మెలికల యూవీ బల్బులు నేను నమ్మను.

ఇంకో అనుమానం రాత్రి గురించి. చిన్న కెమెరా పెట్టి చూస్తే, చీకటి పడగానే తడి గూట్లోకి దూరిన కూర్మారావు అర్ధరాత్రి లోపే బయటికొచ్చి, నేరుగా సెరామిక్ హీటర్ (వెలుగు లేకుండా వేడి మాత్రమే ఇచ్చేది) కిందకెళ్లి పడుకుంటున్నాడు. గూటి నేల 23.5 ఉంది. టైల్స్ మీద పెట్టిన పెట్టె, కింద నుంచి ఏసీ చలి లాగేస్తోంది. తడితో పాటు చలి కూడా ఉంటే పిల్లలకి ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది కాబట్టి వాడు చేసిందే సబబు. కానీ తెల్లారే దాకా హీటర్ ఆ వీపుని ఆరబెడుతూనే ఉంది. పెట్టె కింద అంగుళం మందం ఫోమ్ బోర్డు వేసి, పక్కన పెట్టిన హీట్ ప్యానెల్‌ని గూటి పైన బిగించాను. ఇప్పుడు నేల 27.5. గూట్లోంచి కదలడం లేదు.

వీటిలో అసలు దోషి ఏదన్నది అంత తొందరగా తేలదు. నా పందెం సెరామిక్ హీటర్ మీద. లేచిన గుట్ట ఎలాగూ తగ్గదు, కొత్తగా వచ్చే అంచు చదునుగా వస్తే చాలు. అతుకుల దగ్గర రెండు మి.మీ. కొత్త పెరుగుదల కనిపించాక మళ్లీ కొలుస్తాను. ఈలోగా పొద్దున, సాయంత్రం డిప్ప మీద గోరువెచ్చని నీళ్లు చల్లుతున్నాను.

తిండి విషయంలో ఇక్కడ ఒక అదృష్టం ఉంది. ఫీనిక్స్ లాన్లలో ఎక్కువగా ఉండేది బెర్ముడా గడ్డే, అంటే మన గరిక. మందు కొట్టని మా పెరటి గరిక, మందారాకులు, మల్బరీ ఆకులు, మెక్సికన్ కొట్లో ముళ్లు గీకి అమ్మే నాగజెముడు మట్టలు. పాలకూర పెట్టను.

అన్నట్టు, ఈ ఫోటోలు చూసి మా బావమరిది విశాఖలో ఒక నక్షత్ర తాబేలు కొంటానంటున్నాడు. వద్దు. అది మన వన్యప్రాణి చట్టంలో షెడ్యూల్ ఒకటిలో ఉంది, ఇంట్లో పెంచితే కేసే. చూడాలనుంటే శ్రీకూర్మం గుడికెళ్లి చూసి రమ్మన్నాను.

అమ్మ అడిగింది, "ఇదెంతవుతుందిరా?" అని. యాభై కేజీలు దాటొచ్చమ్మా అన్నాను. "నీ తర్వాత ఎవరు చూస్తారు?" నీ మనవడు. "వాణ్ణి అడిగావా?" వాడికింకా ఆరేళ్లే. అరిజోనాలో రెస్క్యూవాళ్ల దగ్గరికి ఎక్కువగా వచ్చి చేరే తాబేళ్లలో సల్కాటాలు కూడా ఉన్నాయి. చిన్నప్పుడు అరచేతిలో పట్టిందని కొని, కంచె కింద తవ్వడం మొదలెట్టగానే వదిలించుకుంటారు. అందుకే పెరడు పని ఇప్పుడే మొదలుపెట్టాను.

మాన్‌సూన్ నెలల్లో పొద్దున్న పూట బయట గాలిలో కాస్త తేమ ఉంటుంది, అప్పుడు గంటసేపు చిన్న కంచెలో తిప్పుతున్నాను. తొమ్మిది దాటితే లోపలికే. పెద్ద దొడ్డికి సిమెంట్ దిమ్మెల గోడ, నేల పైన రెండడుగులు, కింద రెండడుగులు. అవతల కనిపిస్తే అటే తోసుకుపోతాయి కాబట్టి జాలీ కంచె పనికిరాదు. తవ్వితే అడుగు లోతులో కాలిచీ (సున్నంతో రాయిలా గట్టిపడిన మట్టి) పొర తగిలింది, గడ్డపార ఎగిరొస్తోంది. మెషీన్ అద్దెకి తేవాలి. ఇవి చలికాలం నిద్రపోయే జాతి కాదు, కనక రాత్రికి వెచ్చటి గది తప్పదు. నాలుగడుగుల ప్లైవుడ్ పెట్టె, మధ్యలో ఫోమ్, లోపల ఆయిల్ హీటర్, థర్మోస్టాట్‌గా ఇంక్‌బర్డ్ కంపెనీది. తలుపు 18 అంగుళాలు చాలని మా పక్కింటాయన అంటున్నాడు. నేను 26 పెడుతున్నాను. రేపు పెద్ద మగది అని తేలితే గోడ కోయాల్సొస్తుంది. ఆడా మగా అన్నది అడుగు పొడవు దాటేదాకా ఖాయంగా చెప్పలేం, అప్పటిదాకా కూర్మారావే.