కెమెరా ముట్టబుద్ధి కానప్పుడు

కొత్త చోటికి వెళ్తే కొత్త ఫోటోలు వస్తాయని చాలామంది చెబుతారు, నాకు మాత్రం అది పనిచేయలేదు. చార్మినార్ ముందు కెమెరా ఎత్తితే చాలు, ఇన్‌స్టాగ్రామ్‌లో చూసిన ఫ్రేములన్నీ కళ్ల ముందుకొచ్చేస్తాయి. ఎగిరే పావురాలు, లాడ్ బజార్ గాజుల మెరుపులు, అన్నీ ఎవరో తీసేసినవే, ఇక నొక్కాలనిపించదు. ఎక్కడికెళ్లినా ఇదే వరస. ఫోటోల మీద ఇష్టమే పోయిందేమోనని నిజంగా టెన్షన్ పడ్డాను. రోజుకో ఫోటో చొప్పున ఏడాదంతా తీయమనే ఛాలెంజులు కూడా నాకు నచ్చవు, కొన్నాళ్లకు అవి ఆఫీసు హాజరులా తయారవుతాయి.

ధైర్యమిచ్చింది చెక్ ఫోటోగ్రాఫర్ జోసెఫ్ సుడెక్ ఫోటోలు. ఆయనది ప్రాగ్. మొదటి ప్రపంచ యుద్ధంలో కుడిచెయ్యి పోయినా పెద్ద పెద్ద కెమెరాలు మోసుకుని తిరిగిన మనిషి. నగరం జర్మన్ల చేతుల్లో ఉన్న 1940లో తన స్టూడియో కిటికీనే తీయడం మొదలుపెట్టి, 1954 దాకా తీస్తూనే ఉన్నారు. అదే అద్దం, బయట అదే వంకర చెట్టు. అద్దానికి ఆవిరి పట్టిన రోజు ఒక ఫోటో, మంచు కురిసిన రోజు ఇంకొకటి, రెండూ ఒకే కిటికీవంటే నమ్మబుద్ధి కాదు.

అందుకే నేనూ ఒక్క చోటే పట్టుకున్నాను, గుడిమల్కాపూర్ పూల మార్కెట్. జూమ్ ఇంట్లో పెట్టేసి 50 ఎంఎం లెన్స్ ఒక్కటే తీసుకెళ్తాను (మీ కెమెరాలో ఉన్నది క్రాప్ సెన్సర్, అంటే ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్ అయితే, 35 సరిపోతుంది). ఫోటో తీయగానే స్క్రీన్ మీద కనబడే ప్రివ్యూ ఆపేశాను, లేకపోతే చూపంతా దాని మీదకే పోతుంది. కెమెరాను రా ఫార్మాట్‌లో (సెన్సర్ పట్టిన సమాచారాన్ని అలాగే దాచే ఫైల్) ఉంచి పిక్చర్ స్టైల్ మోనోక్రోమ్ చేశాను, స్క్రీన్ మీద నలుపు తెలుపు కనిపించినా ఫైల్లో రంగులు భద్రంగానే ఉంటాయి. పూల మార్కెట్లో రంగు తీసేయడమేంటని అడుగుతారు గానీ, అక్కడ బంతిపూల పసుపు ఎంత బలంగా లాగుతుందంటే ఇంకేదీ కంటికి ఆనదు. అది పక్కకు తప్పుకున్నాకే మనుషులు కనిపించారు. మూట ముడి విప్పే వేళ్లు, చామంతుల మీద కప్పిన తడి గోనెసంచి, కళ్లు మూసుకుపోతున్నా ధర తగ్గించని పెద్దాయన.

మొదట్లో అక్కడా అందరూ తీసేవే వచ్చాయి. అవి రానివ్వాలి, తీసేసి వదిలించుకోవాలి, ఆ తర్వాతే మన సొంతవి మొదలవుతాయని నా నమ్మకం. తెల్లవారేటప్పుడు కాసేపు ట్యూబ్‌లైటు వెలుతురూ ఆకాశం వెలుతురూ మనిషి ముఖానికి చెరోవైపు పడతాయి. ఇప్పుడు నేను వెళ్లేది దాని కోసమే. నాలుగు ఫోటోలు తీసి తిరిగొచ్చేసినా సంతోషంగానే ఉంటుంది.

వెళ్లగా వెళ్లగా వాళ్లకూ అలవాటయ్యాను. "ఇయ్యాల గూడా వచ్చినవా అన్నా" అని పలకరించి మళ్లీ పనిలో పడిపోతారు, ఫోటోకి అంతకంటే ఏం కావాలి! వాళ్ల ఫోటోలు 4×6 సైజులో ప్రింట్ తీయించి ఇస్తున్నాను, కలర్‌లోనే, ఎందుకంటే పూలు కనబడకపోతే వాళ్లు అసలు ఒప్పుకోరు. బతుకమ్మ ముందు తంగేడు, గునుగు దిగే రోజుల్లో ఈసారి అక్కడే ఉండాలని ఇప్పటినుంచే అనుకుంటున్నాను.