తాతయ్య నేర్పిన మడత

మెల్‌బోర్న్‌లో పెరుగుతున్న మా పిల్లలిద్దరికీ తెలుగు అర్థమవుతుంది గానీ, మాట్లాడాల్సొస్తే నాలుగు ముక్కల దగ్గర ఆగిపోతారు. బాగున్నారా తాతయ్యా, భోంచేశారా అమ్మమ్మా, మళ్ళీ ఎప్పుడొస్తారు... అంబాజీపేట దగ్గర మా ఊరు వెళ్ళిన మొదటి పూటకే ఆ మాటలు అయిపోతాయి. తర్వాత వీళ్ళు ట్యాబ్ పట్టుకుంటారు, వాళ్ళు టీవీ పెట్టుకుంటారు. ఒకరంటే ఒకరికి ప్రాణమే. కలిసి చెయ్యడానికే ఏమీ ఉండదు. మా ఇంట్లో ఆ వెలితి తీర్చింది కాగితం.

పెద్దవాళ్ళకి కాలక్షేపం అనగానే చాలామంది రంగులేసుకునే బొమ్మల పుస్తకం కొని చేతిలో పెడతారు. నాకది ససేమిరా నచ్చదు. జీవితమంతా కొబ్బరితోటా, వరిచేనూ చూసుకుంటూ, నలుగురికీ పని చెప్పిన మనిషి ముందు ఎల్కేజీ పిల్లల పుస్తకం పెడితే ఆయన మనసుకి ఎలా ఉంటుంది? పెద్దవాళ్ళు నేర్పేవాళ్ళుగా కూర్చోవాలి, పిల్లలు నేర్చుకునేవాళ్ళుగా కూర్చోవాలి. ఏ పని ఎంచుకున్నా నేను ముందు చూసేది ఇదే.

కోనసీమలో ఆ తరం వాళ్ళకి మడతలు కొత్తేమీ కాదు. కొబ్బరాకుతో బూర, వాచీ, చిలక, పాము చెయ్యకుండా పెరిగినవాళ్ళు మా ఊళ్ళో లేరు. మా నాన్నగారు ఆకులోంచి ఈనె తీసేసి, మిగిలిన రెండు పాయల్నీ ఎల్ ఆకారంలో అడ్డంగా పెట్టి, కిందిది పైకి, పైది కిందికి మడుచుకుంటూ పోతే మెలికలు తిరిగే పాము తయారైంది. మా అమ్మాయి గబగబా లోపలికెళ్ళి రెండు కాగితం పట్టీలు తెచ్చి అదే మడత వేసింది. స్కూల్లో వాళ్ళు దాన్ని స్ప్రింగ్ అంటారట. తాతయ్య పాము పక్కన మనవరాలి స్ప్రింగ్ పెట్టి చూస్తే మడతకి మడత సరిపోయింది. మొదలుపెట్టాలనుకునేవాళ్ళకి నేను చెప్పేది కూడా ఇదే. ఏ4 కాగితం పొడవునా రెండు సెంటీమీటర్ల వెడల్పున పట్టీలు కత్తిరించి, రెండు వేర్వేరు రంగులవి ఇవ్వండి. రంగులు వేరైతే చూపు మందగించినవాళ్ళకి ఏది పైన ఉందో, ఏది కింద ఉందో తేలిగ్గా తెలుస్తుంది.

ఆస్ట్రేలియా బళ్ళలో జపనీస్ నేర్పడం మామూలే కాబట్టి మావాడికి కాగితపు కొంగ చెయ్యడం వచ్చు. హిరోషిమా అణుబాంబు ప్రభావంతో జబ్బుపడి, 1955లో పన్నెండేళ్ళకే చనిపోయిన సదాకో ససాకి అనే అమ్మాయి ఆసుపత్రి మంచం మీద కొంగలు మడిచిన కథ కూడా వాడికి తెలుసు. వచ్చీరాని తెలుగులో ఆ కథ తాతయ్యకి చెప్పాడు. నాన్నగారు అంతా విని, కొంగని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "మెడ ఇంత నిటారుగా ఉండదురా బాబూ, నాగలెనకాల తిరిగే కొంగని చూళ్ళేదా" అంటూ మెడని మధ్యలో వెనక్కీ, మళ్ళీ ముందుకీ మడిచారు. దాంతో అది ఊడుపుల మడిలో నిలబడిన తెల్లకొంగ అయి కూర్చుంది. మావాడు ఇప్పుడు ఎక్కడ కొంగ చేసినా ఆ మెడే పెడతాడు.

అన్నిటికంటే నాకు గట్టిగా గుర్తున్నది పొట్లం. పక్కింటి తాతగారు ఒకప్పుడు కిరాణా కొట్టు నడిపారు. ఇప్పుడు చెయ్యి వణుకుతుంది, కాఫీ గ్లాసు రెండు చేతులా పట్టుకుంటారు. పిల్లలు అరుగు మీద కాగితాలు పరుచుకుని కూర్చుంటే చూసి, ఒక న్యూస్‌పేపరు ముక్క అడిగి తీసుకున్నారు. ఓ మూలని బొటనవేలికింద నొక్కిపెట్టి, రెండో చేత్తో కాగితాన్ని చుట్టూ తిప్పి, కింద కొస ఒక్క మెలి తిప్పారు. లోపల గుప్పెడు శనగపప్పు పోయించుకుని, పైన మిగిలిన రెక్కల్ని ఒకదాని మీద ఒకటి లోపలికి దోపి, తిరగేసి ఊపారు. ఒక్క గింజ రాలలేదు. "పంచదారైతే ఈ మెలి ఇంకా గట్టిగా పడాలి బాబూ, కాస్త సందు దొరికితే చాలు, జారిపోద్ది" అన్నారు. తర్వాత పంచదారతోనూ కట్టించారు. పిల్లల పొట్లాలు కారిపోతుంటే పక్కన కూర్చుని వేళ్ళు పట్టుకుని దిద్దారు. ఆ గంటసేపూ ఆయన చేతి వణుకు ఎవరికీ గుర్తు లేదు. మీ ఊళ్ళో దర్జీ, పూలు కట్టేవాళ్ళు, పుస్తకాలు కుట్టినవాళ్ళు ఎవరున్నా వాళ్ళ పనిలోంచే ఒక మడతో, ముడో అడగండి. బజార్లో కొన్న క్రాఫ్ట్ పెట్టె కంటే అది వెయ్యి రెట్లు నయం.

అమ్మ వంతు చేట. పాత పేపర్లు చింపి నానబెట్టి, నానిన మెంతులతో కలిపి రుబ్బి, ఆ గుజ్జుని చేట సందుల్లోకి మెత్తి ఎండబెట్టడం ఆవిడ తరానికి ఏటా ఉండే పని. అదే గుజ్జుని పిల్లలు బోర్లించిన గిన్నె మీద తడిగుడ్డ పరిచి, పలచగా అద్ది చిన్న బుట్టలు చేశారు. కీళ్ళనొప్పులున్నవాళ్ళకి ఇంత తేలికైన పని ఇంకోటి లేదు. కత్తెరతో పని లేదు, కాగితం చింపడమే. ఎండాక మెంతి వాసన చాలాకాలం నిలుస్తుంది. సంక్రాంతి ఎండలో బాగా ఆరతాయి. వర్షాకాలంలో మాత్రం పెట్టుకోకండి. మన డెల్టాలో ఆగస్టులో కాగితమే నెమ్మెక్కి మడత నిలవదు, ఇక గుజ్జు బూజు పట్టకుండా ఎండడం కల్ల.

మా సెలవులు డిసెంబరు, జనవరిల్లో రావడం మాకు కలిసొచ్చింది. కనుమనాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం. చుట్టుపక్కల ఊళ్ళనుంచి ఏకాదశ రుద్రులు, అంటే పదకొండు ఊళ్ళ శివుళ్ళు, ప్రభల మీద వస్తారు. ప్రభంటే వెదురుతో ఎత్తుగా కట్టి, రంగులతో అలంకరించిన దేవుడి వాహనం. గంగలకుర్రు ప్రభల్ని భుజాల మీద మోసుకుంటూ పచ్చని వరిచేల మధ్య నుంచి, కౌశిక ఏటి నీళ్ళలో దిగి దాటించడం చూస్తే ఒళ్ళు పులకరిస్తుంది. 2023 రిపబ్లిక్ డే నాడు ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటంగా నడిచింది ఈ తీర్థమే. తీర్థం చూసొచ్చాక పిల్లలు మాకూ ఓ ప్రభ కావాలన్నారు. కొబ్బరి ఈనెల్ని వంచి దారంతో కట్టింది తాతయ్య. రంగు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కత్తెరతో గాట్లు పెట్టి కుచ్చులు తీసింది అమ్మమ్మ. అంటించింది పిల్లలు. జిగురు మైదాతో ఇంట్లోనే కాచాం. చెంచాడు మైదా చల్లనీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, సన్నసెగ మీద చిక్కబడేదాకా తిప్పితే చాలు. పూర్వం పురుగు పట్టకుండా ఇందులో మైలుతుత్తం కలిపేవారు. అది విషం, పిల్లలున్న ఇంట్లో వద్దు. ఏ పూట జిగురు ఆ పూట కాచుకోవడమే మేలు.

ఇక కూర్చోబెట్టే తీరు గురించి. భోజనమయ్యాక వద్దు, కునుకు వేళ. పొద్దున్న టిఫిన్లయ్యాక, వీధి వరండాలో, వెలుగు పక్కనుంచి పడేలా కూర్చోండి. పెద్దవాళ్ళని నేల మీద కూర్చోమనకండి, మోచేయి ఆనే ఎత్తులో బల్ల ఉండాలి. కాగితం చిన్నదైతే వేళ్ళకి చిక్కదు, పదిహేను సెంటీమీటర్లకి తగ్గకుండా చతురస్రం తీసుకోండి. గోరుతో గీరలేనివాళ్ళకి చెంచా వెనకవైపు ఇస్తే మడత పదునుగా పడుతుంది. పక్షవాతం వచ్చి ఒక చెయ్యే ఆడేవాళ్ళకి కాగితం అంచుని టేపుతో బల్లకి అంటించండి. మతిమరుపు ఉన్నవాళ్ళని "నిన్న చేశాం కదా, గుర్తుందా" అని అడగొద్దు. మీరు పక్కన కూర్చుని మొదటి మడత వేయండి, వాళ్ళ చేతులకి తెలిసిన పనైతే రెండోది వాళ్ళే వేస్తారు. పిల్లలకి ఇది ముందే చెప్పి ఉంచాలి. చెబితే మనకంటే వాళ్ళే ఓపిగ్గా ఉంటారు.

తిరిగొచ్చాక వీడియో కాల్లో కొనసాగిస్తున్నాం. ఫోనుని మొహాలకి కాకుండా చేతులకి గురిపెట్టాలి. రెండు స్టీలు డబ్బాల మీద స్కేలు అడ్డంగా పెట్టి, దానికి ఫోను కట్టేస్తే కింద కాగితం నిండుగా కనిపిస్తుంది. మాకిక్కడ చలికాలంలో ఆదివారం సాయంత్రం 4 గంటలంటే అక్కడ పొద్దున్న 11.30, టిఫిన్లు కూడా అయిపోయుంటాయి. ఇండియాలో, ఆస్ట్రేలియాలో ఏ4 ఒక్కటే కొలత కాబట్టి మడతలు సరిపోతాయి. అమెరికాలో ఉన్నవాళ్ళకి లెటర్ సైజు వెడల్పు ఎక్కువ, పొడవు తక్కువ. అందుకని ఇక్కడా అక్కడా రెండిళ్ళలోనూ ఇరవై సెంటీమీటర్ల చతురస్రాలు ముందే కత్తిరించి పెట్టుకోండి. వచ్చే ఆదివారం తాతయ్య కాగితం పట్టీలతో చిలక అల్లడం నేర్పుతానన్నారు. మావాడు ఆకుపచ్చ పట్టీలు కత్తిరించేశాడు, ముక్కుకి ఎర్రది ఎక్కడ కలపాలో అమ్మమ్మ చెబుతానంది.